ఎండుకట్టె ఎక్కడ పుచ్చుతుంది, ఎక్కడ ఎండిపోతుంది? నల్లమల వాలు నేర్పే పాఠం



"తోటలో కొట్టేసిన కొమ్మలు, దుంగలు ఏం చెయ్యాలి? కాల్చకుండా పొలంలోనే వేస్తే చెద పడుతుందా? గుంత తీసి పూడ్చాలా, పైనే వదిలెయ్యాలా?" ఆచ్ఛాదన మీద మాట్లాడిన ప్రతిసారీ ఈ ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. వీటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఎందుకంటే ఒకే చెట్టు కొమ్మని రెండు ముక్కలు చేసి ఒకటి గుట్ట మీద, ఇంకొకటి పల్లంలో వేస్తే రెండూ ఒకేలా మాగవు. గుట్ట మీది ముక్క ఎండి బిగుసుకుపోతుంది. పల్లంలో ముక్క నీడ, తేమ దొరికితే కొన్ని వానాకాలాల్లో చేత్తో నలిపే స్థితికి వస్తుంది. అంటే కట్టె ఎంత వేశామన్న దానికంటే ఎక్కడ వేశామన్నదే పెద్ద విషయం.

ఈ సంగతి మనకంటే ముందు అడవికి తెలుసు. అందుకే పై వీడియోలో నల్లమలని కొండ గట్టు నుంచి వాగు దాకా చూపించాను. వీడియోలో టైం సరిపోక వదిలేసిన వివరాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. చివరిదాకా చదవండి, మీ పొలంలో ఏ కట్టె ఎక్కడ వెయ్యాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

నల్లమల ఎందుకు?

నల్లమల కొండలు కృష్ణా, పెన్నా నదుల మధ్య ఉత్తర దక్షిణంగా బారులు తీరి ఉంటాయి. అంటే పెద్ద వాలులన్నీ ఒకటి తూర్పు ముఖం, ఒకటి పడమర ముఖం. గట్ల మీద గట్టి రాయి, దాని మీద పలచటి మట్టి. లోయల్లో మట్టి లోతు ఎక్కువ. ఇది ఒకే జాతి చెట్ల ప్లాంటేషన్ కాదు, అన్ని రకాలూ కలిసిన ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, టేకు, తునికి, గుంపెన, అందుగ, మోదుగ, వెదురు అన్నీ పక్కపక్కనే పెరుగుతాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూసినా మలుపు మలుపుకీ చెట్ల వరస మారడం కనిపిస్తుంది.

చెట్టు రకాన్ని బట్టి కూడా కట్టె మాగే తీరు మారుతుంది. గుంపెన, అందుగ, బూరుగ లాంటి మెత్తటి మాను తొందరగా పుచ్చుతుంది. నల్లమద్ది, ఏగిస లాంటి చేవ ఉన్న మాను ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ మెత్తటి మాను కూడా పొడిగా ఉన్న చోట పడితే ఆలస్యం అవుతుంది. అంటే చెట్టు రకం ఒక లెక్క, పడిన చోటు ఇంకో లెక్క. రెండూ కలిపి చూడాలి.

కట్టెని తినేది ఎవరు?

ముందు ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. కట్టెని మట్టిగా మార్చే పని ముఖ్యంగా ఇద్దరిది: శిలీంధ్రాలు, చెదలు.

శిలీంధ్రం అంటే మీరు ఆచ్ఛాదన కింద చూసే తెల్లటి దారాల్లాంటి బూజు. దానికి తేమ కావాలి. కట్టెలో తేమ, ఎండు బరువు లెక్కన సుమారు 30 శాతం దాటితేనే అది బాగా పనిచేస్తుంది. 20 శాతం కంటే తగ్గితే పని ఆగిపోతుంది. ఇంటి దూలాలు వందేళ్ళు నిలబడేది అందుకే. అలాగని కట్టె పూర్తిగా నీళ్ళలో మునిగిపోయినా కుదరదు, గాలి ఆడదు కాబట్టి శిలీంధ్రం బతకదు. మన దేశంలో చాలా చోట్ల బావి అడుగున నేరేడు చెక్క వేసే పద్ధతి ఉంది కదా? నీళ్ళలో ఉన్నంతకాలం ఆ చెక్క చెడిపోదు. కాబట్టి కట్టె మాగాలంటే తడీ ఉండాలి, గాలీ ఆడాలి.

చెదల పద్ధతి వేరు. అవి తేమని తామే తెచ్చుకుంటాయి. మట్టి పూత పూసి, ఆ పూత కింద చల్లగా ఉండేలా చేసుకుని కట్టెని తింటాయి. మన పుట్టల్లో ఉండే చెదల్లో చాలా రకాలు పుట్ట లోపల శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. తొలకరి వానలకి పుట్టల దగ్గర మొలిచే పుట్టకొక్కులు ఆ సాగు నుంచి వచ్చినవే. అంటే చెద కూడా ఒక రైతే! ఎండ ఎక్కువ, తేమ తక్కువ ఉన్న చోట కట్టెని మట్టిలో కలిపే పని ఎక్కువగా దీనిదే.

ఇప్పుడు కొండ మీది నుంచి కిందికి దిగుదాం.

గట్టు మీద: నిలబడి ఎండే మోడు

కొండ గట్టు మీద మట్టి పలచన. వాన పడ్డా నీళ్ళు నిలవవు, గాలి ఎక్కువ. చెట్టు పొట్టిగా, గిడసబారి ఉంటుంది. వేళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి బిగుసుకుని ఉంటాయి కాబట్టి చచ్చిపోయాక కూడా చాలా చెట్లు వెంటనే కూలవు, మోడుగానే నిలబడతాయి. నేలకి తగలని కట్టెకి నేల తేమ అందదు. ఎండకి బెరడు ఊడిపోయి, మాను బూడిద రంగుకి తిరిగి, పైనుంచి ముక్కలు ముక్కలుగా విరిగి పడుతుంది. పడిన ముక్కలు కూడా రాళ్ళ మీదే ఉంటాయి. వీడియోలో నేను తట్టి చూపించిన కట్టె అలాంటిదే, ఖణేల్‌మని మోగింది.

అయితే ఈ మోడు పనికిరానిది అనుకోకండి. వడ్రంగిపిట్ట దాన్ని తొలుస్తుంది. ఆ తొర్రలో తర్వాత చిలకలు, పైడికంటెలు కాపురం పెడతాయి. పొలంలో ఎలుకల్ని పట్టే గుడ్లగూబకి తొర్ర కావాలి, రాత్రిపూట కూర్చోవడానికి మోడు కావాలి. మనం పొలంలో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెడుతున్నాం కదా, అడవి ఆ పనిని గట్టు మీద మోడుతో చేస్తోంది.

వాలు మీద: అడ్డంగా పడిందా, నిలువుగా పడిందా?

అసలు పాఠం అంతా ఇక్కడే ఉంది.

వాలు మీద చెట్టు కొమ్మలు వెలుతురు కోసం పల్లం వైపు ఎక్కువ పెరుగుతాయి. బరువు అటే ఉంటుంది, అందువల్ల కూలేటప్పుడు కూడా ఎక్కువగా పల్లం వైపే కూలుతుంది. అంటే మొదట్లో మాను నిలువుగా, వాలు వెంబడి పడుతుంది. కొమ్మలు ఉన్న మాను అక్కడే ఆగిపోతుంది. కొమ్మలు విరిగిన గుండ్రటి దుంగ దొర్లుతుంది. దొర్లి దొర్లి ఏ బండకో, ఏ నిలబడ్డ చెట్టుకో అడ్డంగా తగిలి ఆగుతుంది. నిటారు వాలు మీద కట్టె తక్కువ, వాలు తగ్గే చోట ఎక్కువ పోగుపడటానికి ఇదొక కారణం.

ఇప్పుడు అడ్డంగా ఆగిన దుంగని చూడండి. పై వైపున వాన నీళ్ళు ఆగుతాయి, ఆకు ఆగుతుంది, కొట్టుకొచ్చిన మట్టి ఆగుతుంది. కొన్నేళ్ళకి దుంగ వెనకాల చిన్న మెట్టు తయారవుతుంది. అక్కడ మట్టి నల్లగా, గుల్లగా ఉంటుంది, విత్తనాలు అక్కడే మొలుస్తాయి. ఆ తేమతోనే దుంగ కూడా కింది వైపు నుంచి మాగడం మొదలవుతుంది. బాగా పుచ్చిన కట్టె స్పాంజిలాంటిది. తన ఎండు బరువుతో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో నీటిని పట్టుకుంటుంది. వాన వెలిసిన తర్వాత ఆ నీటిని నెమ్మదిగా కిందికి వదులుతుంది.

నిలువుగా పడి ఉన్న దుంగ దగ్గర కథ తిరగబడుతుంది. నీళ్ళు దాని పక్కనే దారి చేసుకుని జోరుగా దిగుతాయి, మట్టిని కోస్తాయి. ఒకే దుంగ అడ్డంగా ఉంటే గట్టు, నిలువుగా ఉంటే కాలవ! ఈ తేడా కళ్ళతో చూడాలంటే వీడియోలో రెండు దుంగల్ని పక్కపక్కన చూపించిన భాగం మళ్ళీ ఒకసారి చూడండి.

కొండ పాదం, వాగు ఒడ్డు: తొందరగా మట్టయ్యే చోటు

కొండ పాదంలో మట్టి లోతుగా ఉంటుంది. పైనుంచి దిగిన తేమ, ఆకు, బూడిద అన్నీ ఇక్కడికే చేరతాయి. చెట్లు పెద్దవి, నీడ ఎక్కువ. మట్టి బాగా తడిసి ఉన్నప్పుడు ఈదురుగాలి కొడితే చెట్టు వేళ్ళతో సహా లేచిపోతుంది. వేరు లేచిన చోట గుంత, పక్కన మట్టి దిబ్బ. గుంతలో నీళ్ళు, ఆకు నిలుస్తాయి, దిబ్బ మీద కొత్త మొక్క నిలదొక్కుకుంటుంది. మాను నేలని అతుక్కుని పడి ఉంటుంది కాబట్టి బూజు, పుట్టగొడుగులు, పేడపురుగులాంటి లార్వాలు, జెర్రులు అన్నీ కలిసి పనిచేస్తాయి. కత్తి మొన గుచ్చితే సులువుగా దిగుతుంది.

వాగులో మళ్ళీ వేరు. ఏరుమద్ది లాంటి చెట్లు ఒడ్డున ఉంటాయి. వాగులో పడిన మాను వరదకి కొట్టుకుపోయి వంపుల్లో, బండల దగ్గర ఇరుక్కుంటుంది. దాని వెనక ఇసుక మేట వేస్తుంది, చిన్న మడుగు ఏర్పడుతుంది. నీళ్ళలో మునిగి ఉన్న భాగం చెడదు, నీటి మట్టం పెరిగి తగ్గే చోట ఉన్న భాగమే ముందు పుచ్చుతుంది. మీ పొలం కంచె రాయి పక్కన పాతిన కర్ర గుంజ ఎక్కడ పుచ్చుతుందో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా నేల మట్టం దగ్గరే కదా! అక్కడే తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది.

ఎండ, నిప్పు, మనిషి

ఎత్తు పల్లాలతో పాటు ఇంకో మూడు విషయాలు కూడా కట్టె తలరాత మారుస్తాయి.

మొదటిది ఎండ. పడమర వాలు మీద మధ్యాహ్నం తర్వాత, గాలి బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఎండ పడుతుంది. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కాబట్టి దక్షిణ వాలు కూడా తొందరగా ఎండుతుంది. తూర్పు, ఉత్తర వాలుల మీద అదే రకం కట్టె ఎక్కువ రోజులు తేమగా ఉంటుంది.

రెండోది నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో మంటలు వస్తూనే ఉంటాయి. మంట కొండ కిందికి కంటే పైకి వేగంగా పోతుంది, ఎందుకంటే పైనున్న గడ్డినీ కట్టెనీ ముందే వేడి చేసి ఎండబెడుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుందని అగ్నిమాపక శిక్షణల్లో చెప్పే మోటు లెక్క. అందుకని ఎండిన వాలుల మీద, గట్ల మీద కట్టె మట్టిగా మారకముందే బూడిద అయిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ బూడిద కూడా మొదటి జడివానకి కిందికి కొట్టుకుపోతుంది.

మూడోది మనిషి. ఊరికి దగ్గరగా, నడవడానికి వీలుగా ఉన్న చదును చోట్ల వంటచెరుకు ఏరుకుపోతారు. నిటారు వాలుల్లో, లోతు లోయల్లో ఏరేవాళ్ళు తక్కువ. అందుకే ఊరి పక్క అడవిలో నేల ఊడ్చినట్టు ఉంటుంది, లోపలి లోయల్లో దుంగలు పడి ఉంటాయి.

భారత అటవీ సర్వే సంస్థ అడవిలోని కర్బనాన్ని ఐదు పద్దులుగా లెక్కగడుతుంది: నేల పైని చెట్టు, నేల కింది వేళ్ళు, ఎండుకట్టె, రాలిన ఆకు, మట్టి. 2021 నివేదికలో మొత్తం 7,204 మిలియన్ టన్నులు. అందులో సగానికి పైగా మట్టిలోనే ఉంది. ఎండుకట్టె వాటా చాలా చిన్నది. చిన్నది కదా అని తీసిపారెయ్యకండి. చెట్టులో ఉన్న కర్బనం మట్టిలోకి దిగే దారుల్లో అదొకటి. దారిలో సరుకు ఎప్పుడూ కొంచెమే కనిపిస్తుంది.

మన పొలంలో ఎలా?

పాలేకర్ గారి కాష్ఠాచ్ఛాదన మనందరికీ తెలిసిందే. కాష్ఠం అంటేనే కట్టె. కానీ మనం చాలామందిమి గడ్డి, ఆకు, చెత్త దగ్గరే ఆగిపోయాం. కట్టెని కూడా కలుపుకోవాలంటే ఇలా చెయ్యండి:

1. ముందు ఒక గట్టి వానలో పొలం తిరగండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎక్కడ జోరు అందుకుంటున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి గుర్తులు పెట్టుకోండి. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 40 వేల లీటర్లు. అందులో ఎంత ఆపగలమన్నదే మన పని.

2. వాలు ఉన్న పొలంలో ఏ-ఫ్రేమ్‌తో సమమట్టం గీత గియ్యండి. లావు దుంగలు, మొద్దులు ఆ గీత మీద అడ్డంగా పెట్టండి. కింద మూడు నాలుగు అంగుళాలు మట్టి గీకి, దుంగ నేలలో కూర్చునేలా చెయ్యండి. కింద సందు ఉంటే నీళ్ళు ఆ సందులోంచే దూరి మట్టిని కోస్తాయి. దొర్లకుండా పల్లం వైపు కర్ర మేకులు కొట్టండి.

3. దుంగ పై వైపున పుల్లలు, ఆకు, గడ్డి వెయ్యండి. తొలకరికి అక్కడ కంది, అలసంద, ఉలవ చల్లండి. ఆ నీడ కూడా కట్టెని తడిగా ఉంచుతుంది.

4. పొలంలో ఎత్తుగా, ఎండ ముఖంగా ఉన్న చోట లావు దుంగలు దండగ. అక్కడ సన్న కొమ్మలు ముక్కలు కొట్టి చెట్ల నీడలో, ఆకు కింద వెయ్యండి. ఒకటి రెండు మోడులు పక్షుల కోసం నిలబెట్టి ఉంచండి.

5. నీళ్ళు నిలిచే పల్లంలో, వరద పారే కాలవ దారిలో కట్టె వెయ్యకండి. మునిగితే మాగదు, వరద వస్తే పక్కవాళ్ళ పొలంలోకి పోతుంది, తూములకి అడ్డం పడుతుంది.

6. కట్టెని ముక్కలు చేసి మట్టిలో కలిపి దున్నకండి. పేడలో కర్బనం నత్రజని నిష్పత్తి సుమారు 20:1 ఉంటే, రంపపు పొట్టులో 400:1 దాకా ఉంటుంది. మట్టిలో కలిపితే దాన్ని మాగబెట్టడానికి సూక్ష్మజీవులు పైరుకి అందాల్సిన నత్రజనిని తాత్కాలికంగా లాగేసుకుంటాయి. పైన పరిస్తే ఆ బాధ నేల పై పొరకే పరిమితం. అడవి ఎప్పుడూ కట్టెని పైనే పెడుతుంది.

జీవామృతం కట్టె మీద పోయొచ్చా అని అడుగుతారు. పొయ్యండి, కానీ తేమ, నీడ లేని చోట ఎంత పోసినా కట్టె కదలదు.

విదేశీ పద్ధతుల గురించి ఒక మాట

ఆస్ట్రియాలో సెప్ హోల్జర్ దుంగలు పేర్చి మట్టి కప్పే హ్యూగల్‌కల్చర్ మడుల్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పొలం ఆల్ప్స్ కొండల్లో 1,100 మీటర్ల పైన ఉంది. అక్కడ చలి, మంచు, మనలాంటి చెదలు లేవు. అనంతపురం ఎర్ర గరప నేలలో గుట్ట మీద అదే మడి కడితే లోపలి కట్టె పొడిగా ఉండి చెదల ఇల్లవుతుంది. పద్ధతి తప్పు కాదు, చోటు వేరు.

ఫుకుఓకా గారు షికోకులో తన కొండవాలు నారింజ తోటలో పైనుంచి కట్టె మోయించి పూడ్చి చూశారు. మట్టి బాగుపడింది, కానీ ఆ మోత ఎన్నాళ్ళు మొయ్యగలం? చివరికి తోటలోనే మొరిషిమా అకేషియా చెట్లు పెంచి, కావలసిన కట్టెని అక్కడే పుట్టించుకున్నారు. మనకి గ్లిరిసిడియా, సుబాబుల్, అవిశ, మునగ ఉన్నాయి. గట్ల మీద పెంచి ఏటా కొట్టండి.

ఈ జాగ్రత్తలు మర్చిపోకండి

అడవి నుంచి కట్టె తేవద్దు. రిజర్వు అడవిలోంచి కట్టె తీసుకెళ్ళడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. హక్కు ఉన్న గిరిజనులకి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద 2006 చట్టం ఇచ్చిన హక్కు వేరు, అది మనకి వర్తించదు. అంతకంటే ముఖ్యం, అక్కడి దుంగ వెనకాల ఆగిన మట్టి మన పొలంలో మల్చింగ్ కంటే విలువైనది.

కొబ్బరి, ఆయిల్‌పామ్ మొద్దులు తోటలో కుళ్ళబెట్టకండి. కొమ్ముపురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది. గానోడెర్మా సోకిన చెట్టు మొద్దు, వేళ్ళు తోట బయటికి తీసి నాశనం చెయ్యాలి. ఇక్కడ "కాల్చకూడదు" అన్న నియమం పట్టుకుని కూర్చోకండి.

కొత్తగా నాటిన మామిడి, నిమ్మ మొక్క మొదలుకి కనీసం ఒక మీటరు దూరంలో దుంగ ఉండాలి. చెదకి ముందు కావలసింది ఎండుకట్టే, కానీ వేసవిలో తేమ లేక వడిలిన చిన్న మొక్కని కూడా అది వదలదు.

దుంగ కింద తేలు, పాము చేరతాయి. నడిచే దారి పక్కన, పిల్లలు ఆడే చోట పెట్టకండి. కదపాల్సి వస్తే కర్రతో మీ వైపు కాకుండా అవతలి వైపుకి దొర్లించండి.

చివరగా ఒక చిన్న పని. ఈ వానాకాలం ఒకే చెట్టు నుంచి ఒకే మందం ముక్కలు మూడు కొట్టి, ఒకటి పొలం ఎత్తులో, ఒకటి వాలులో అడ్డంగా, ఒకటి గట్టు కింద నీడలో పెట్టండి. వానలు ఆగిన నెలకి ఒక ఇనుప చువ్వ తీసుకుని దుంగ పై వైపున ఒకసారి, కింది వైపున ఒకసారి మట్టిలో గుచ్చండి. కత్తి మొనతో కట్టెని కూడా గుచ్చి చూడండి. ఏ ముక్క దగ్గర ఎంత దిగిందో నోటుబుక్కులో రాసుకోండి. మీ నేల రకం, వాలు ముఖం, చెట్టు పేరుతో కలిపి కామెంట్లలో పెడితే, వచ్చే వీడియోలో ఎర్ర నేలలూ నల్ల రేగడులూ విడివిడిగా పెట్టి మాట్లాడుకుందాం.